అక్క అరచేతి కొలత

పూల్ వెనక, పంపుల గది పైన
వానలు మొదలైన వారం

బామ్మర్దీ,

నీ ఉత్తరం చేరింది. నాలుగు పేజీలు. నాలుగూ నీ వీపు గురించే. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా పిల్ల గురించి అంత పొడుగు రాయరు. ఇక్కడ నున్నబడింది, అక్కడ ఎరుపు తగ్గింది, నడుము దగ్గర పొలుసు ఊడి కొత్త చర్మం వచ్చింది అంటూ ఒకటే మురిసిపోయావు. మీ అక్క చదివి వినిపిస్తూ నవ్వింది. నేను నవ్వలేదు.

జవాబు తను రాసిపెడతానంది. వద్దన్నాను. నీతో కయ్యానికి దిగేటప్పుడు మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? నాకు అక్షరాలు నెమ్మది. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

అసలు సంగతి. నన్ను నీళ్ళలో దిగొద్దన్నారు.

ఈ పూల్‌లో నేను ఈత నేర్పడం మొదలుపెట్టేనాటికి ఇప్పుడున్న మేనేజరమ్మ పుట్టనేలేదు. మోచేతుల మీదా మోకాళ్ళ మీదా పొలుసులు ఎప్పటినుంచో ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. పోయిన చలికాలం అది వీపుకీ పొట్టకీ తొడలకీ పాకింది. ఒకరోజు నేను దిగగానే ఒకావిడ పిల్లని చంకనేసుకుని గట్టెక్కేసి, "ఆయన ఒంటి మీదది నీళ్ళలో రాలుతోంది" అని కేక పెట్టింది. ఇది సోరియాసిస్, అంటుకునే జబ్బు కాదని చర్మం డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. మేనేజరమ్మ చదివింది. "నేను నమ్ముతాను మాస్టారూ, నీళ్ళలో ఉన్నవాళ్ళు నమ్మరు. మీరు దిగితే వాళ్ళు ఎక్కేస్తున్నారు. ఒళ్ళు బాగుపడేదాకా గట్టు మీదనుంచి నేర్పండి" అంది.

గట్టు మీదనుంచి ఈత నేర్పడమంటే నువ్వు ఫోన్‌లో కొలతలు తీసుకుని చొక్కా కుట్టడం లాంటిది.

నా పద్ధతి నీకు తెలుసు. నేను లేని లోతులోకి నావాళ్ళని పంపను. మొదటిసారి లోతు వైపు వెళ్ళే రోజున ముందు నేను దిగి, నడి మధ్యలో నీళ్ళు తొక్కుతూ ఉంటాను. వాళ్ళు గోడ వదిలి నా దగ్గరికి రావాలి. ఇప్పుడు పొద్దున బ్యాచిలో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళే. ఒక నర్సు. రిటైరైన పంతులమ్మ. ఒక బస్సు డ్రైవరు, మనిషి బీరువాలా ఉంటాడు, నడుము లోతు దాటితే బిక్కమొహం వేస్తాడు. ముగ్గురికీ చేతులూ కాళ్ళూ కుదిరాయి. లోతు ఒక్కటే మిగిలింది. నేను గట్టు మీద ఉన్నాను కాబట్టి వాళ్ళు రొమ్ము లోతులోనే తిరుగుతున్నారు, తొట్టిలో చేపల్లాగా. ఏడాది చివర పూల్ ఖాళీ చేసి టైల్స్ మారుస్తారట. ఆలోపు నేను దిగకపోతే బ్యాచిని లైఫ్‌గార్డుకి ఇచ్చేస్తారట. మంచివాడే. విజిల్ బాగా ఊదుతాడు.

అందుకని డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. పైపూత మందులకి లొంగే దశ దాటిపోయిందంది. లోపలికి వెళ్ళే మందులు చెప్పింది. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర ఒకటి. తొందరగా పనిచేసి కిడ్నీల మీద కన్నేసే సైక్లోస్పోరిన్ ఒకటి. నువ్వు వేయించుకునే బయోలాజిక్ ఇంజెక్షన్ ఒకటి. పదిమందికి ఇంజెక్షన్ ఇస్తే ఆరేడుగురికి ఒళ్ళు దాదాపు శుభ్రమవుతుందట, మాత్రకి ఇద్దరికో ముగ్గురికో. "నేను పదిమందిని కాను, ఒక్కణ్ణి" అన్నాను. "అదీ నిజమే" అంది. తెలివైన పిల్ల.

మాత్ర తీసుకున్నాను. పాత మందు, ఎన్ని ఒళ్ళు చూసిందో. పైగా నీది కాదు.

కాబట్టి పందెం. నీ ఇంజెక్షనా, నా మాత్రా? ఎవరి ఒళ్ళు ముందు శుభ్రమైతే వాడు గెలిచినట్టు. ఓడినవాడు ఓడానని రాసి సంతకం పెట్టాలి. వేళ్ళు దగ్గరగా పెట్టిన అరచెయ్యి ఒంట్లో నూరో వంతట, దాంతో కొలుచుకోమంది డాక్టరమ్మ. నా మచ్చలు ఇరవై అరచేతులు. నీవెన్ని?

మీ ఇంటి పిల్లని చేసుకున్నాను, మీ ఇంటి జబ్బూ వచ్చింది. అలా రాదని డాక్టరమ్మ అంటుంది. ఆమెకి మీ ఇంటి సంగతి తెలియదు.

నీ బావ


కుట్టు కొట్టు, మెట్ల కింద
వాన వదలని రోజు

బావా,

పందెం ఒప్పుకున్నాను. సంతకం ఎలా పెట్టాలో ఇప్పటినుంచే సాధన చెయ్యి.

నువ్వు ఎంచుకున్న మాత్ర నాకు పాత పరిచయం. వారంలో ఒకరోజు వేసుకుంటే మర్నాడంతా కొత్త గుడ్డ వాసనకి కూడా కడుపులో తిప్పేది. దర్జీకి గుడ్డ వాసన పడకపోతే ఏం చేసుకుని బతకాలి? తర్వాత సైక్లోస్పోరిన్ ఇచ్చారు. అది మాయలా పనిచేసింది, నెల తిరిగేసరికి చేతులు నావేనా అనుకున్నాను. తర్వాత బీపీ లేచింది, కిడ్నీ లెక్క మారింది, డాక్టరు వద్దు పొమ్మన్నాడు. మానేయగానే పొలుసులు చుట్టాల్లా తిరిగొచ్చాయి, ఈసారి పిల్లాపాపలతో.

ఇంజెక్షన్‌కి ముందు నానా హంగామా. ఛాతీకి ఎక్స్‌రే, రక్తం. లోపల ఎక్కడైనా టీబీ నిద్రపోతోందేమో చూస్తారు. ఈ మందు దాన్ని లేపుతుందట. అది తేలాకే సూది. రోజంతా సూదితో బతికేవాణ్ణి, ఆ సూది చూస్తే కళ్ళు మూసుకుంటాను. మా ఆవిడే తొడకి పొడుస్తుంది. మొహంలో ఆ ఆనందం చూడాలి నువ్వు.

ఇక కొలత. నాకు పదకొండు అరచేతులు. కానీ బావా, ఇది న్యాయం కాదు. నీది అరచెయ్యా, తెడ్డా? నువ్వు ఒక్క అరచెయ్యి అన్నచోట నావి రెండు పడతాయి. రెండు గజం కర్రలు పెట్టుకుని బట్ట కొలిస్తే ఏ కొట్టూ నిలవదు. ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి. అక్క చెయ్యి కాగితం మీద పెట్టి గీత గీసి పంపు. ఆ కొలతకి రెండు గుడ్డ చేతులు కత్తిరించి, అంచు కుట్టి, ఒకటి నీకు పంపుతాను. అక్క అయితే ఇద్దరికీ సమానం. నీకు పెళ్ళాం, నాకు తోడబుట్టింది, ఇద్దరినీ తిడుతుంది.

నీ సూది


పంపుల గది పైన
ఎండ మళ్ళీ వచ్చిన వారం

బామ్మర్దీ,

గీత పంపుతున్నాను. చిటికెన వేలు కొంచెం వంకరగా వచ్చింది. చేతిలో గరిటె ఉండగా గీయనిచ్చింది, అందుకని. సర్దుకో.

మాత్ర వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పడం నాకూ ఉంది. నేను నీలాగా ఉత్తరాలు రాయను. ఆ రోజు గట్టు మీద నిలబడి ఎండు రొట్టె నములుతూ కేకలేస్తాను. ఆ మాత్ర వేసుకోని రోజులకి డాక్టరమ్మ ఒక పసుపు మాత్ర ఇచ్చింది, ఫోలిక్ అట, దాంతో కొంచెం నయం. రాత్రిపూట మందు కొట్టడం కూడా మాన్పించింది. మీ అక్క ఇన్నేళ్ళుగా చెప్పి సాధించలేనిది ఆ పిల్ల ఒక్క వాక్యంలో సాధించింది. "మాస్టారూ, లివరు ఒక్కటే, రెండు పనులు చెయ్యలేదు." మీ అక్క ఇప్పుడు ఆమె పేరు చెప్పుకుని దండం పెడుతోంది.

ఫలితం ఉంది. ఉబ్బినట్టుండే మచ్చలు చదునయ్యాయి. పొద్దున పక్క దులిపితే ఇదివరకు పిండి రాలినట్టుండేది, ఇప్పుడు దులపడానికి ఏమీ లేదు. నా అరచేతికి పదహారే వచ్చాయి. ఈ ముక్క రాసి పెట్టుకో.

బస్సు డ్రైవరు నిన్న అడిగాడు, "మాస్టారూ, మీరు దిగేదెప్పుడు?" అని. "నీ భయం పోయేలోపు" అన్నాను. "అయితే చాలా టైముంది" అన్నాడు. పంతులమ్మ నీళ్ళు మింగేదాకా నవ్వింది. ఆవిడకి అరవై దాటాయి, తెలుసా? ఇన్నేళ్ళూ గట్టు మీద కూర్చుని మనవల బట్టలు కాసిందట. ఇక నేనే తడుస్తానని వచ్చింది. అలాంటివాళ్ళు నా దగ్గరికే వస్తారు. లైఫ్‌గార్డు దగ్గరికి పోరు.

నీ బావ


కుట్టు కొట్టు
ఆదివారం, కొట్టు మూసి

బావా,

గుడ్డ చెయ్యి ఇందులో పెట్టాను. మందపాటి బట్ట, ఉతికినా ముడుచుకోదు. వంకర చిటికెన వేలు అలాగే ఉంచాను. అక్క వేలు అది, నేను దిద్దితే ఊరుకుంటుందా?

నాకిప్పుడు అక్క చేతికి ఆరు. మొన్న నా కోసం నేనే పొట్టి చేతుల చొక్కా కుట్టుకున్నాను. పెద్దవాణ్ణయ్యాక ఇదే మొదలు. అది వేసుకుని టీ తాగడానికి వెళ్తే కొట్టువాడు మొహం కాదు, మోచేతులు చూశాడు. చూడనీ. చూడటానికి బాగున్నాయి.

సంతకం సాధన ఎంతవరకు వచ్చింది?

నీ సూది


పంపుల గది పైన
చెట్లు ఆకులు రాల్చే రోజులు

బామ్మర్దీ,

నీ గుడ్డ చేతితో కొలిచాను. మీ అక్క కొలిచింది, నేను నిలబడ్డాను. ఇరవై ఆరు వచ్చాయి.

కంటికి తగ్గినట్టే ఉంది. లెక్కకి పెరిగింది. నాకేం అర్థం కాలేదు. డాక్టరమ్మకి అదే చెప్పాను. చొక్కా విప్పమంది. ఆడపిల్ల ముందు విప్పడమేమిటి, నీళ్ళ దగ్గరైతే వేరే సంగతి. మోచేతులు చూపించి, మిగతాది లెక్క చెప్పాను. "మొదట ఇరవై, ఇప్పుడు ఇరవై ఆరా?" అని రెండుసార్లు అడిగింది. "అరచేత్తోనే కొలిచారా?" అంది. అరచేత్తోనే అన్నాను. మాత్రలు పెంచింది.

పెంచనీ. బరువు మోయడం నాకు అలవాటే. రక్తం తీశారు. మళ్ళీ వారంలోనే ఇంకోసారి తీశారు. అంతా బాగానే ఉంది.

మేనేజరమ్మ నీళ్ళు ఖాళీ చేసే తేదీ గోడకి అంటించింది. లైఫ్‌గార్డు నా బ్యాచి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని చూసి వెళ్తున్నాడు. కొత్త ఇల్లు చూడటానికి వచ్చినవాడిలా.

ఇంతకన్నా రాసేదేమీ లేదు.

నీ బావ


కుట్టు కొట్టు
ఉత్తరం అందిన రోజే

బావా,

నువ్వు అంత చిన్న ఉత్తరం రాయడమేమిటి? నాకు నచ్చలేదు.

ముందు ఇది చెప్పు. అక్క చేతితో వచ్చిన లెక్క డాక్టరమ్మకి చెప్పావా? అయ్యో బావా, అది మన పందెం కోసం! డాక్టర్లది ఎవరి ఒంటికి వాళ్ళ అరచెయ్యి. పెద్ద ఒంటికి పెద్ద చెయ్యి, అదే వాళ్ళ లెక్క. నిన్న మా డాక్టరుని అడిగాను. అక్కది పిడికెడు చెయ్యి. నువ్వు మొదట నీ చేత్తో ఇరవై చెప్పి, తర్వాత ఆమె చేత్తో ఇరవై ఆరు చెబితే, ఒళ్ళు మెరుగవుతున్నవాణ్ణి పాడవుతున్నవాడిగా చూపించినట్టు. పెంచాల్సిన పనే లేని మాత్ర పెంచినట్టు.

అంతా బాగుంటే వారంలో రెండుసార్లు రక్తం ఎందుకు తీస్తారు? నేనూ ఆ మాత్ర తిన్నవాణ్ణే. వెంటనే వెళ్ళు. గుడ్డ చెయ్యి పట్టుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టి, ఇదీ సంగతి అని చెప్పు. తిట్టాల్సి వస్తే నన్ను తిట్టమను. కత్తిరించింది నేనే.

సూది


పంపుల గది పైన
చలి మొదలు

బామ్మర్దీ,

వెళ్ళాను. పెట్టాను. ఆ పిల్ల గుడ్డ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు నవ్వింది. తర్వాత రక్తం కాగితం చూసి నవ్వు ఆపేసింది. "చొక్కా విప్పండి మాస్టారూ, ఇవాళ విప్పకపోతే నేనే గుండీలు తెంపుతాను" అంది. విప్పాను. నా చెయ్యి తీసుకుని నా ఒంటి మీదే పెట్టి కొలిచింది. పద్నాలుగు.

పద్నాలుగు! ఆ మాత్ర పనిచేస్తోంది, వింటున్నావా? నా మందు పనిచేసింది.

కానీ లివరు లెక్క పెరిగింది. పెంచినందుకో, ఇదివరకు తాగినందుకో చెప్పలేనంది. పోయినసారే కొంచెం పెరిగిందట, చూద్దామంది. నీకు బాగానే ఉందని రాశాను. రాస్తాను మరి. పందెంలో ఉన్నవాడు కుంటుతున్నానని చెప్పుకుంటాడా? ఇప్పుడు బాగా పెరిగింది. మాత్ర ఆపేసింది. ఇక ఆ మాత్ర వద్దు, ఇంజెక్షన్‌కి వెళ్దాం అంది. అది లివరు జోలికి పెద్దగా పోదట.

వద్దన్నాను.

ఎందుకో నీకు తెలుసు. పరుగు పందెంలో సగం దూరం పోయాక అవతలివాడి భుజాలెక్కి గీత దాటితే దాన్ని గెలుపంటారా? ఇన్నాళ్ళూ నా మాత్ర, నా మాత్ర అని నీ మొహాన కొట్టి, ఇప్పుడు నీ సూది నా తొడలో దించుకోవాలా? ఆ తర్వాత నువ్వు రాసే ఉత్తరం నాకిప్పుడే కనిపిస్తోంది. ఎనిమిది పేజీలు ఉంటుంది.

మీ అక్కకి నా మీద కోపం. పళ్ళెం పెట్టి చప్పుడు చేస్తోంది.

మచ్చలు మళ్ళీ ఎర్రబడుతున్నాయి. నిన్న మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి, బ్యాచిని లైఫ్‌గార్డుకి ఇచ్చేయమ్మా అన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కణ్ణి కూడా సగంలో వదల్లేదు. ఇంకో నెల చూద్దాం మాస్టారూ అంది. నర్సు వింది. వెళ్ళి మిగతా ఇద్దరికీ చెప్పినట్టుంది. బస్సు డ్రైవరు తడి బట్టలతోనే గట్టెక్కి నా ముందు నిలబడ్డాడు. "విజిలు విని నేను లోతులోకి పోను. మీరు దిగకపోతే నేను మానేస్తాను" అన్నాడు. "నన్ను బెదిరిస్తున్నావా?" అన్నాను. "అవును" అన్నాడు.

తువ్వాలు వాడి మొహాన కొట్టి వచ్చేశాను.

నీ బావ


కుట్టు కొట్టు
మధ్యాహ్నం, కత్తెర పక్కన పెట్టి

బావా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే వెంటనే బస్సెక్కి నన్ను కొట్టడానికి వస్తావు.

నేను ఇంజెక్షన్ వేయించుకోలేదు. ఒక్కటి కూడా.

ఛాతీ పరీక్షలు రాశాను చూడు, అక్కడే ఆగిపోయింది. పాత టీబీ ఆనవాలు ఉందన్నారు. ముందు దానికి నెలల తరబడి మాత్రలు, ఆ తర్వాతే సూది అన్నారు. ఆ మాటే నీకు రాయబోయాను. నీ ముందు చిన్నబోవడం నచ్చక, వేయించుకున్నట్టు నాలుగు పేజీలు రాసేశాను. తర్వాత నువ్వు పందెం అన్నావు. ఇక వెనక్కి తగ్గడమెలా? నున్నటి వీపు, పొట్టి చేతుల చొక్కా, అన్నీ కోతలే. బట్ట కోసేవాణ్ణి కదా.

కాబట్టి ఆ మందు నాది కాదు. ఎవరిదీ కాదు. మనిద్దరిలో ముందు ఎవడు వేయించుకుంటే వాడిది. నువ్వు వేయించుకుంటే నీ పందెం నీ మందుతోనే గెలిచినట్టు. నేను పోటీలోనే లేను. ఇంతకన్నా సుళువైన పందెం నీ జన్మలో దొరకదు.

వెళ్ళు బావా. నీళ్ళు ఖాళీ చేసేలోపు వెళ్ళు. ఆ డ్రైవరు మానేస్తే పాపం నీకే.

సూది


పంపుల గది పైన
ఉత్తరం అందిన మర్నాడే

ఒరేయ్ అబద్ధాలకోరూ,

నాకు తెలుసు! నాకు మొదటినుంచీ తెలుసు. పెద్దవాణ్ణయ్యాక మొదటి పొట్టి చేతుల చొక్కా అన్నప్పుడే అనుమానం వచ్చింది. మీ అక్కకి చదివి వినిపించాను. నోరు తెరిచి వింది. తమ్ముడి పరువు పోయింది కదా, ఏమంటుంది?

ఇవాళే వెళ్ళి పరీక్షలకి రక్తం ఇచ్చొచ్చాను. ఎక్స్‌రే తీశారు. నా ఛాతీ శుభ్రం. ఈతగాడి ఛాతీ! నీలాగా ఆనవాళ్ళూ అవశేషాలూ ఏమీ లేవు. మిగతావి రాగానే సూది వేస్తానంది. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా.

ఆ మందు ఇప్పుడు నాది. గుర్తుపెట్టుకో. నీకు ఎప్పుడైనా వేస్తే, నా తర్వాత వేయించుకున్నవాడివి నువ్వు.

మేనేజరమ్మ నీళ్ళు ఖాళీ చేసే పని కొత్త సంవత్సరం దాటాక పెట్టించిందట. టైల్స్ ఇంకా రాలేదంది. టైల్స్ వచ్చి సామాన్ల గదిలో ఉన్నాయి, నేను చూశాను. నోరు మూసుకున్నాను.

నీ టీబీ మాత్రలు వేళకి వేసుకో. మధ్యలో మానకు. నవ్వులాట కాదు అది.

బావ


పంపుల గది పైన
నీళ్ళు ఖాళీ చేసే ముందు రోజులు

బామ్మర్దీ,

దిగాను.

గట్టు మీద చొక్కా విప్పాను. మచ్చలున్న చోట తెల్లటి నీడల్లాంటివి మిగిలాయి, చేత్తో తడిమితే ఏమీ తగలదు. మోకాలి మీద ఒకే ఒక్క పొలుసు ఉంది, నా బొటనవేలంత. డాక్టరమ్మ దాన్ని చూసి, "దీన్ని వదిలెయ్యండి మాస్టారూ, మీ పొగరుకి దిష్టిచుక్క" అంది. మేనేజరమ్మ అద్దాల గదిలోంచి బయటికి వచ్చి నిలబడింది. లైఫ్‌గార్డు విజిల్ జేబులో పెట్టుకున్నాడు. నీళ్ళలో ఉన్నవాళ్ళు నా వైపు చూశారు, మళ్ళీ వాళ్ళ పని వాళ్ళు చూసుకున్నారు. ఒక్కరు కూడా గట్టెక్కలేదు. ఇంతకాలం ఎంత కోరుకున్నానో, అంత తేలిగ్గా జరిగిపోయింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. లోతు మధ్యకి పోయి వాళ్ళ వైపు తిరిగాను. నర్సు ముందు వచ్చింది, పనికి ఆలస్యమవుతుందన్నట్టు వచ్చింది. పంతులమ్మ మెల్లిగా వచ్చింది, తల పైకెత్తి, రోడ్డు దాటుతున్నట్టు. నా దగ్గరికి చేరి, "ఇంతేనా?" అంది. "ఇంతే" అన్నాను. "మరి నన్ను ఇన్నాళ్ళూ ఎవరు ఆపారు?" అంది. గోడ దాకా వెళ్ళి ఇంకోసారి రమ్మన్నాను.

డ్రైవరు గోడ వదలడు. వదులుతాడు, పట్టుకుంటాడు. సగం దూరం వచ్చి అక్కడ కాళ్ళాడించడం మరిచిపోయి, "మాస్టారూ, చెయ్యి!" అని కేక. "చెయ్యి లేదు. కాళ్ళు నీవే, ఆడించు" అన్నాను. తిట్టాడు. నన్ను ఎవరూ అలా తిట్టలేదు. తిడుతూ తిడుతూ కాళ్ళాడించాడు. వచ్చి మెడ పట్టుకున్నాడు, ఇద్దరం మునిగాం, ఇద్దరం లేచాం. వాడు ఏడుస్తున్నాడో నీళ్ళు కారుతున్నాయో తెలియలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు వాడంతట వాడే వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నా మొహం చూసి నవ్వేవాడు.

గట్టెక్కాక మీ అక్క తువ్వాలు ఇచ్చింది. ఇచ్చి, ఇప్పుడు చెబుతాను విను అంది.

నీ పెళ్ళాం మణికట్టు విరిగిందని పోయిన నెల మీ ఇంట్లో ఉండి వచ్చింది కదా. ఫ్రిజ్ తెరిస్తే పాల పక్కన నీ ఇంజెక్షన్లు ఉన్నాయట. ఆవిడ చేతికి కట్టుంటే మీ అక్కే నీ తొడకి పొడిచిందట. కళ్ళు మూసుకున్నావట. నాకన్నా ముందునుంచీ, ఆ నాలుగు పేజీలు రాసిన నాటినుంచీ, వేయించుకుంటూనే ఉన్నావట. ఛాతీలో ఏ ఆనవాళ్ళూ లేవట. వీపు అద్దంలా ఉందట. పొట్టి చేతుల చొక్కాలు ఆరున్నాయట. నేను నీళ్ళలో దిగేదాకా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట.

మొదట ఒళ్ళు మండింది. నన్ను, ఈ వయసులో, పిల్లాణ్ణి మభ్యపెట్టినట్టు మభ్యపెడతావా అని. ఆ పూటకి అన్నం మానేశాను. మీ అక్క బతిమాలలేదు, నా వాటా కూడా తనే తినేసింది. తర్వాత కూర్చుని ఆలోచించాను. ముందు గెలిచినవాడు గెలిచానని చెప్పుకోకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. నావల్ల ఎప్పుడూ కాలేదు. ఒక్క పూట కూడా కాలేదు. నువ్వు ఇన్ని నెలలు నా చేత అబద్ధాలకోరు అనిపించుకున్నావు. టీబీ మాత్రలు వేళకి వేసుకో అని నేను హితబోధ చేస్తే, అలాగే బావా అని జవాబు రాశావు.

ఓడాను. ఇదిగో, రాశాను. సంతకం కింద ఉంది.

ఇవాళ బట్టలు మార్చుకునే గదిలో అందరికీ చెప్పాను, పందెం నా బామ్మర్ది గెలిచాడని. డ్రైవరు తల తుడుచుకుంటూ ఆగిపోయాడు. "మీరు ఓడారా మాస్టారూ? మీరా?" అన్నాడు. "ఓడాను. నా బామ్మర్ది చేతిలో ఓడాను. అలాంటి బామ్మర్ది నీకున్నాడా?" అన్నాను.

లేడట. పక్కనున్న లైఫ్‌గార్డునీ అడిగాను. వాడికీ లేడట.

నీ బావ
(సంతకం)